ఆవిడ ఆగిన చోటు

నేను ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్ రిపేర్లు చెయ్యను. ఆ మాట షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను కూడా. అయినా ఒక ముసలి టైలరుగారు వరసగా మూడు రోజులు ఫోన్ చేసి నా ప్రాణం తోడేశారు.

"బాణం కదులుతోంది బాబూ, నొక్కితే మాత్రం క్లిక్ అవడం లేదు."

"ఆపేసి షాపుకి పట్టుకురండి."

"ఆపకూడదు బాబూ. అందుకేగా మిమ్మల్ని రమ్మంటున్నది."

ఆపకూడదట! నాలుగో రోజు తిట్టుకుంటూ వెళ్ళాను.

మేడ మీద గది. కిటికీ పక్కన కుట్టు మిషను, దానికి ఆనుకుని బల్ల, బల్ల మీద తెరిచిన ల్యాప్‌టాప్. ఛార్జర్ ప్లగ్గు ఊడిపోకుండా టేపు చుట్టి, 'ముట్టుకోవద్దు' అని చీటీ అంటించారు. ఇంట్లో ఉండేది ఆయనొక్కరే. ఆ చీటీ ఎవరికో నాకు అర్థం కాలేదు.

టచ్‌ప్యాడ్ ఒక పక్క దిండులా పైకి లేచి ఉంది. చూడగానే తెలిసిపోయింది. కింద బ్యాటరీ ఉబ్బి, ప్యాడ్‌ని పైకి తోసేస్తోంది. అందుకే నొక్కుడు పడటం లేదు.

"ఎన్నాళ్ళయింది ఇది ఛార్జింగ్‌లో పెట్టి?"

"అయిదు నెలలు."

"రాత్రింబవళ్ళూనా? బుర్ర ఉన్నవాళ్ళెవరైనా చేసే పనేనా ఇది? అంటుకుంటే ఇల్లు తగలబడిపోయేది!"

ఆయనకు కోపం రాలేదు. తెర వైపు వేలు చూపించారు. ఒక ఉత్తరం. దాని అడుగు భాగం మీద, అప్‌డేట్ చేసుకోమంటూ ఒక డబ్బా అడ్డంగా కూర్చుంది.

"మా ఆవిడ నా కోసం రాస్తోంది. బట్టలుతికే మిషనుకి ఏ మీట నొక్కాలి, నా మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయి, అన్నీ. మధ్యలో ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తిరిగి రాలేదు." వేలు తెర అడుగుకి జరిపారు. "చివరి వాక్యం పక్కన నిలువు గీత వెలిగి ఆరుతూ కొట్టుకుంటూ ఉంటుంది చూడండి, తర్వాతి మాట కోసం ఆవిడ ఆలోచిస్తున్నట్టే ఉంటుంది. పొద్దున్నే టీ తెచ్చుకుని ఇక్కడే కూర్చుంటా. నాలుగు రోజులుగా ఈ డబ్బా అడ్డం. ఏ మీట నొక్కితే ఏం పోతుందోనని భయం."

ఇందాక తిట్టినందుకు సిగ్గేసింది. సంచిలోంచి మౌస్ తీసి తగిలించి, ఆ డబ్బాని మూశాను.

చివరి వాక్యం బయటపడింది. 'వాన వచ్చేలా ఉంటే ముందు మేడ మీద కిటికీ మూయండి, ఎందుకంటే' అని ఉంది. అంతే. పక్కన గీత కొట్టుకుంటోంది.

"ఎందుకంటే ఏమిటో ఇప్పటికీ తెలీదు," అన్నారాయన నవ్వి. "అయినా మూస్తూనే ఉన్నా."

ఉత్తరాన్ని ఆవిడ ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు. నేను చేశాను. పెన్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టాను. ఇక మెషీన్ ఆపి బ్యాటరీ తీసెయ్యాలి, లేకపోతే ప్రమాదం అన్నాను.

"తీశాక మళ్ళీ ఇలాగే వస్తుందా?"

"అచ్చం ఇలాగే. ఒక్క అక్షరం పోయినా షాపు మూసేసుకుంటా."

ఆయన చాలాసేపు తెర వైపు చూసి, సరేనన్నట్టు తలూపారు. తెర ఆరిపోయినప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

మరలు విప్పి, ఉబ్బిన బ్యాటరీని జాగ్రత్తగా బయటికి తీశాను. ప్యాడ్ తన చోట సర్దుకుంది. ఛార్జర్ మీదే ఆన్ చేసి పాస్‌వర్డ్ అడిగాను.

"మా పెళ్ళి తేదీ. నేను మర్చిపోతానని కావాలనే పెట్టింది."

ఫైలు తెరిచాను. ఉత్తరం వచ్చింది. చివరి దాకా దించి చూపించాను. అక్షరం పోలేదు. నా పనితనానికి నేనే పొంగిపోతున్నాను.

ఆయన చదవడం లేదు. తెర మీద దేనికోసమో వెతుకుతున్నారు.

"గీత ఏది బాబూ?"

గీత పైన, మొదటి మాట ముందుంది. ఫైలు మళ్ళీ తెరిస్తే అక్కడి నుంచే మొదలవుతుంది. నాకు తెలియని సంగతేం కాదు. తట్టలేదు, అంతే.

"దానిదేముందండీ," అంటూ గబగబా రెండు మీటలు నొక్కి గీతని 'ఎందుకంటే' పక్కకి తెచ్చాను. అదే చోటు. అలాగే కొట్టుకుంటోంది.

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఇది మీరు పెట్టిందిగా బాబూ."

నలభై ఏళ్ళు గుడ్డ మీద సుద్దగీత గీసి, అక్కడి నుంచే కుట్టు అందుకున్న మనిషాయన. ఆ చోటు ఎవరు గుర్తు పెట్టారన్నది ఆయనకు తెలియకుండా ఎలా పోతుంది? అయిదు నెలలుగా ఆయన కాపాడుకున్నదాన్ని, మంచి చేస్తున్నాననుకుంటూ నా చేత్తో ఆపేశాను.

"క్షమించండి," అన్నాను.

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. ఆవిడ నేర్పినట్టే, టచ్‌ప్యాడ్ మూల మీద చూపుడువేలు పెట్టి నొక్కారు. టక్కుమంది.

"బాగైపోయింది బాబూ," అన్నారు, నన్ను ఓదారుస్తూ.