మూడు గంటలకొకసారి

తూకమ్మ త్రాసు పళ్లెంలో గుడ్డ మార్చి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఆగి, "ఊఁ, ఇప్పుడు పడుకోబెట్టు తల్లీ" అంది. పొద్దుటి నుంచి అది పదిహేడో బిడ్డ.

ఆమెకు వేరే పేరుంది. అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. పసిపిల్లల ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్లుగా బిడ్డల్ని తూచే ఆయా కాబట్టి తూకమ్మ అయింది. పొట్టి మనిషి, ఒంటి మీద ఆస్పత్రివాళ్లిచ్చిన నీలం కోటు. నిలబడీ నిలబడీ చీలమండలు లావెక్కాయి. చల్లటి చేతులు తగిలితే పిల్లలు కెవ్వుమంటారని, ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుంటుంది. ఆ సాయంత్రం అయిదింటితో ఆమె ఉద్యోగం ముగుస్తుంది. ఆ సంగతి సిస్టరుకు తెలుసు, ఆఫీసు గుమాస్తాకు తెలుసు. వరండాలో బల్లల మీద కూర్చున్న తల్లులకు తెలియదు.

డాక్టరుగారికి ఒక్కో బిడ్డకు అయిదు నిమిషాలే దొరుకుతాయి. అందుకని సందేహాలన్నీ తూకం దగ్గరే తేలాలి.

"నా పాలు నీళ్లలా ఉన్నాయి, బలం ఉంటుందంటావా ఆయమ్మా?"

"మొదట వచ్చేవి పలచగానే ఉంటాయి, దాహానికి. చిక్కటివి వెనకాల వస్తాయి. తొందరపడి దించెయ్యకు."

"తాగిందంతా కక్కేస్తున్నాడు. కడుపులో ఏం మిగిలినట్టు?"

"గుడ్డ మీద పడితే చెంబెడు కనిపిస్తుంది. ఎత్తి చూస్తే చెంచాడు ఉండదు. రోజుకి ఆరు గుడ్డలు తడుపుతున్నాడా? మరింకేం!"

చేతుల పని చేతులు చేసుకుపోతుంటే నోరు జవాబులు చెబుతూ ఉంటుంది. అయితే ఈ జవాబులు ఎప్పుడూ ఇవే కావు. పైనుంచి కొత్త కాగితం వచ్చినప్పుడల్లా, పాలెలా పట్టాలో చూపే గోడ మీది బొమ్మ మారేది. బొమ్మతో పాటు తూకమ్మ మాటా మారేది. సీసాలు మరిగించడం నేర్పింది ఆమే, సీసాను గడప తొక్కనివ్వొద్దన్నదీ ఆమే. ఎండాకాలంలో చెంచాడు నీళ్లు పట్టమన్నది ఆమే, ఆరు నెలలదాకా చుక్క నీళ్లు వద్దన్నదీ ఆమే. ప్రతిసారీ అంతే నమ్మకంగా చెప్పింది. చెప్పమన్నది చెప్పడం తన పని అనుకుంది.

మధ్యాహ్నం మూడవుతుండగా ఇరవై రోజుల ఆడపిల్లను పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. వెనకాల ఆమె తల్లి. అమ్మాయి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పిల్లను పళ్లెంలో పెడుతున్నప్పుడు, శాలువా పక్కకు తొలగి, గుండెల మీద రెండు తడి మరకలు కనిపించాయి.

"పుట్టినప్పటి కంటే యాభై గ్రాములు పెరిగింది" అంది తూకమ్మ.

"యాభైయ్యేనా?" అంది అమ్మాయి. "పొద్దస్తమానం నా మీదే ఉంటోంది ఆయమ్మా. దించితే ఏడుపు. పుళ్లు పడిపోయి, అది నోరు పెడితే ప్రాణం పోతోంది. పాలు చాలట్లేదంటుంది మా అత్తగారు. నేను తినేది పడట్లేదంటుంది మా ఆడపడుచు. మా ఆయన ఫోనులో చూసి పూటకో మాట చెబుతారు. తలా ఒక మాట! ఎవరిది వినను? డబ్బా పాలు మొదలెట్టేయనా?"

"కంగారుపడకు. ఏడ్చినప్పుడల్లా పట్టాలి. గడియారం చూడకూడదు" అని తూకమ్మ నోరు అలవాటుగా అందుకుంది.

"చూడకూడదా?" అంది పెద్దావిడ.

తూకమ్మ తలెత్తింది.

"నన్ను చూడమన్నది నువ్వే కదా? ఈ గదిలోనే. మూడు గంటలకొకసారి పట్టు, ముందు పట్టావంటే పిల్ల మొండికేస్తుంది అన్నావు." ఆవిడ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "ఇదే ఆ పిల్ల. ఇది గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కగదిలో చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. వేళయ్యేసరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయేది. రెండో నెలకల్లా నా పాలు ఎండిపోయాయి."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే తూకమ్మకు తేలికగా ఉండేది. ఆ ముఖాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఎన్ని వేల ముఖాలు! గోడ మీది ఆ బొమ్మ మాత్రం కళ్లకు కట్టింది: వరసగా ఎనిమిది గడియారాలు, చివర నవ్వుతున్న బిడ్డ.

"అప్పుడు అలా చెప్పమన్నారమ్మా."

"ఇప్పుడు ఇలా చెప్పమన్నారా?"

తూకమ్మ గోడ వైపు చూసింది. ఇప్పుడున్న బొమ్మలో గడియారం లేదు. రేపు ఇంకో కాగితం వస్తే ఇదీ చించేస్తారేమో. మరి ఇన్నాళ్లూ తను చెప్పిన వాటిలో ఏది నిజం? ఎవరికి మంచి చేసింది, ఎవరికి చెడు చేసింది?

"నాకు తెలియదు తల్లీ" అంది అమ్మాయితో. ఆ గదిలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "ఏదీ, ఇలా కూర్చుని ఒకసారి పట్టు. చూద్దాం."

ముక్కాలిపీట లాక్కుని మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. పిల్ల రొమ్ము చివర మాత్రమే నోట పట్టుకుని లాగుతోంది. బుగ్గలు లోపలికి సొట్టలు పడుతున్నాయి. గుటక వినబడటం లేదు, చప్పరింపు వినబడుతోంది. అమ్మాయి పళ్లబిగువున కళ్లు మూసుకుంది.

తూకమ్మ అరచేతులు రుద్దుకుంది. చిటికెనవేలు పిల్ల నోటి మూలన పెట్టి నెమ్మదిగా విడిపించింది. పిల్లను ఇటు తిప్పి, తల్లి పొట్టకు పిల్ల పొట్ట ఆనించింది. పై పెదవికి రొమ్ము తాకించి ఆగింది. పిల్ల నోరు ఆవులింతంత పెద్దదిగా తెరిచేదాకా ఆగి, ఒక్కసారిగా దగ్గరికి తెచ్చింది. చిన్న గడ్డం రొమ్ములోకి దిగబడింది.

గుటక. కాసేపటికి ఇంకో గుటక. ఆ తర్వాత వరసగా.

"నొప్పిగా ఉందా?"

"ఉంది... లేదు ఆయమ్మా. లేదు!" చెవుల దాకా బిగుసుకుని ఉన్న అమ్మాయి భుజాలు కిందికి జారాయి.

పెద్దావిడ వంగి చూసింది.

"ఇంతేనా?" అంది.

పిల్ల గుటకలు వేస్తూనే ఉంది.

"ఇంతేనా?" అంది మళ్లీ, తనలో తను.

"అందరికీ ఇంతటితో సరిపోదమ్మా. డాక్టరుగారికి ఆ పుళ్లు చూపించండి. ఎల్లుండి తూకానికి తీసుకురండి, నేను..." తూకమ్మ ఆగిపోయింది. ఎల్లుండి తను ఉండదు. "సిస్టరుగారు చూస్తారు" అని ముగించింది.

డాక్టరు గది నుంచి తిరిగి వెళుతూ, కూతురిని ముందు నడవనిచ్చి, పెద్దావిడ త్రాసు దగ్గర ఆగింది.

"నీకు పిల్లలున్నారా?"

"ఒక్కడే కొడుకు. మీ అమ్మాయి ఈడువాడే."

"వాడికీ గడియారం చూసే పట్టావా?"

అవునంటే పోయేది. ఎవరు చూడొచ్చారు? ఆ రోజుల్లో తూకమ్మ వాళ్లమ్మ పసివాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రి పెరట్లో కూర్చునేది. వాడి ఏడుపు వినబడితే చాలు, తూకమ్మ చేతిలో పని వదిలేసి సామాన్ల గదిలోకి పరుగెత్తేది. పట్టి, తుడుచుకుని, వచ్చి, గోడ మీది గడియారాలు తల్లులకు చూపించేది.

"లేదమ్మా" అంది. "ఏడిస్తే ఆగలేకపోయేదాన్ని. సామాన్ల గదిలో దాక్కుని పట్టేదాన్ని. నాకే మనసు గట్టిది కాదు, తప్పు చేస్తున్నాను అనుకునేదాన్ని."

పెద్దావిడ ఆమె ముఖంలోకి చూసింది. "ఆ తప్పేదో నాకూ చెప్పకపోయావా?" అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇంకో నలుగురు పిల్లలు వచ్చారు. తూకమ్మ తూచింది. అడిగినవాటికి ఆగి ఆగి జవాబు చెప్పింది. ఆఖరుగా వచ్చిన చంటివాణ్ణి భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరింది.

అయిదింటికి సిస్టరు లోపలికి వచ్చింది. "రేపు నీ చోట్లోకి కొత్తమ్మాయి వస్తోంది ఆయమ్మా. తల్లులు ఏమడుగుతారో, ఏం చెప్పాలో కాస్త రాసిపెట్టి వెళ్లరాదూ?" అంటూ కాగితం, కలం ఇచ్చింది.

తూకమ్మ పీట మీద కూర్చుని 'పిల్ల ఏడిస్తే' అని రాసింది. కలం అక్కడే ఆగింది. వరండాలో ఎవరో నేల కడుగుతున్నారు. చాలాసేపటికి లేచి, ఆ రెండు మాటలూ కొట్టేసి, కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"చెప్పేముందు కాసేపు పక్కన కూర్చుని చూడమనండి" అంది సిస్టరుతో. "ఇంకేం చెప్పాలో నాకూ తెలియట్లేదు."

పక్క గేటులోంచి ఆమె బయటికి వెళ్లడం ఎవరూ గమనించలేదు. తలుపు వెనక మేకుకు ఆమె నీలం కోటు వేలాడుతోంది. దాని భుజం మీద, ఆ రోజు ఆఖరి బిడ్డ కక్కిన పాలు ఇంకా ఆరలేదు.