బిడ్డలున్నారా?

వేణు తప్పు చేసిండు. ఆ మాట రేణుక ఎవ్వల దగ్గరా దాచలే. కోరుట్లల ఆటో నడుపుకునేటోడు సక్కగ నడుపుకోవాలె గని, ఎవడో సంచి ఇస్తే సీటు కింద పెట్టుకొని కాలేజీ రోడ్డుకు పోవుడేంది? అండ్ల గంజాయి ఉన్నదని తెల్వదని పోలీసులకు చెప్పిండు, కోర్టుల చెప్పిండు. కట్టుకున్న పెండ్లామే నమ్మలే, ఇగ జడ్జి ఎందుకు నమ్ముతడు?

జగిత్యాల కోర్టుల నేరం రుజువైంది. మిగిలింది శిక్ష ఎంత అన్నదే. వకీలు జలపతి పొద్దుగాల్నే రేణుకను వరండాల నిలవెట్టి సమజయ్యేటట్టు చెప్పిండు.

"కిలో లోపటైతే ఏడాదికి మించదు చెల్లె. ఇరవై కిలోలైతే పదేండ్లకు తక్కువ లేదు. మనది నాలుగు కిలోలు, నడిమిట్ల పడ్డది. పదేండ్ల లోపట సారు ఎంతైనా వెయ్యచ్చు, రెండైనా, ఏడైనా. శిక్ష వేసే ముంగట ఇంటి సంగతి అడుగుతడు. చిన్న పిలగాడున్నడని వేణు తన నోటితోనే చెప్పాలె. గదొక్కటే మనకున్న ఆధారం."

రేణుక పానమంతా ఆ మాట మీదనే పెట్టుకుంది. కొడుక్కు మూడేండ్లు. అత్త సాయవ్వ దగ్గర ఇడిసిపెట్టి వచ్చింది. రెండేండ్లయితే వాడు బడికి పోయే యాళ్లకు నాయిన ఇంట్ల ఉంటడు. ఏడేండ్లయితే ఎవలో కొత్త మనిషచ్చిండనుకుంటడు.

జడ్జి నెల్లూరు దిక్కాయన. మాట మెత్తగనే ఉంది. బోనుల నిలవడ్డ వేణును చూసి, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా? ఇంటి దగ్గర ఎవరెవరున్నారు?" అని అడిగిండు.

"నన్ను కన్న అవ్వ, నా భార్య..." వేణు మాట అయిపోకముందే జడ్జి అందుకున్నడు.

"బిడ్డలున్నారా?"

"లేరు సార్," అన్నడు వేణు.

ఈయనకు మతి గిట్ల పోయిందా అనుకుంది రేణుక. అంతల్నే సమజైంది. మన దిక్కు బిడ్డంటే ఆడపిల్ల. వేణుకు బిడ్డల్లేరు, కొడుకున్నడు. అడిగినదానికి అడిగినట్టు నిజమే చెప్పిండు పిచ్చోడు, ఈ కేసుల మొదటిసారి. జలపతేమో కాగితాల్లకెల్లి తల ఎత్తలే. జడ్జి కలం పట్టుకున్నడు.

రేణుక లేచి నిలవడ్డది. కానిస్టేబులు కూసోమని సైగ చేసినా కూసోలే.

"సార్, బిడ్డంటే మాకు ఆడపిల్ల సార్. గందుకే లేరన్నడు. మూడేండ్ల కొడుకున్నడు మాకు."

జడ్జి కోపం చెయ్యలే. కలం కింద పెట్టి "నిజమేనా?" అని వేణును అడిగిండు. వేణు తలూపిండు. రేణుకకు జర పానం నిమ్మళమైంది.

"ఆ సంచి కాలేజీ గేటు దగ్గర ఇవ్వడానికే తీసుకెళ్తున్నావని సాక్ష్యంలో తేలింది," అన్నడు జడ్జి. "పిల్లలు లేనివాడివి, ఆ బాధ తెలియదేమో అనుకున్నాను. ఇంట్లో కొడుకును పెట్టుకుని, పక్కవాళ్ల పిల్లల దగ్గరికి దాన్ని మోసుకెళ్లావా?"

జలపతి లేచి, పసివాణ్ని చూసన్న దయ చూపాలని బతిలాడిండు. జడ్జి అంతా ఇన్నడు. ఆఖరికి ఆరేండ్లన్నడు.

బయటకొచ్చినంక రేణుక వకీలును ఒక్కటే అడిగింది. "నేను సప్పుడు చెయ్యక కూసుంటే ఎంత పడుతుండె?"

"గది ఎవ్వలకూ తెల్వదు చెల్లె. తక్కువే పడుతుండెనో, ఇంకింత ఎక్కువ పడుతుండెనో," అన్నడు జలపతి. ఆమె మొఖం దిక్కు చూడలే.

కోరుట్ల బస్సు దిగి ఇంటికొచ్చేసరికి సాయవ్వ మనుమణ్ని సంకనేసుకొని గుమ్మంల నిలవడ్డది. కొడుక్కు ఎన్నేండ్లు పడ్డయో అడిగే ధైర్యం లేదు ముసల్దానికి.

"పిలగాడున్నడని సార్‌కు చెప్పిండ్రానే?" అన్నది.

"నేనే చెప్పిన అత్తమ్మా," అన్నది రేణుక.