శుభ్రమైన చేను

వాన కురిసి వారం తిరగలేదు, సజ్జ మొలకలు అప్పుడే తలలు వాల్చేశాయి. దేలూ చిన్నపారతో గీకి చూసింది. పైన పెంకు కట్టిన మట్టి, కింద పొడి దుమ్ము. అంత వానా ఏమైనట్టు? గట్టినేల మీద జారి వాగులో కలిసింది, పోతూ పోతూ ఉన్న కాస్త మంచి మట్టినీ ఊడ్చుకుపోయింది. మళ్ళీ విత్తాలి. సొరబుర్రలో గింజలు ఇదొక్కసారికే వస్తాయి. ఇవీ మాడితే ఈ ఏడు పిల్లలకు గంజి కూడా ఉండదు.

ఎడారి అంచునున్న మరాది పల్లెల్లో చేను అద్దంలా ఉంటేనే రైతుకు పరువు. మోడుల నుంచి లేచిన చిగుళ్ళు నరకాలి, ఆకూ అలమూ తగలబెట్టాలి. ఆ పరువే నేలను బోడి చేసిందని ఎవరికీ తోచదు. అందరూ ఆకాశాన్నే తిడతారు.

తూర్పుమూల ఒక్కటే మిగిలింది. విత్తే ముందు దేలూ జ్వరంతో పడుకోవడంతో అక్కడ ఎవరూ కత్తి పెట్టలేదు. మోకాలెత్తు పొదలు లేచాయి. వాటి మొదట్లో రాలిన ఆకులు, గాలికొచ్చిన మట్టి పోగుపడ్డాయి. అదే వాన, అవే గింజలు. అక్కడి సజ్జ మాత్రం పచ్చగా, నిటారుగా ఉంది.

కుటుంబం పొలాలన్నిటి మీదా పెత్తనం దేలూ బావగారిది, పేరు ఇల్లో. కత్తి పట్టుకుని వచ్చాడు, వెనకే తమ్ముడు టాంకో, దేలూ మొగుడు.

"ఏంటమ్మా ఈ అడవి? ఊరంతా నవ్విపోతోంది. ముందు నరికించు, తర్వాత విత్తుకో."

"నరకొద్దు బావగారూ. ఈ సజ్జ చూడండి, ఆ సజ్జ చూడండి."

"నాకు సేద్యం నేర్పుతున్నావా? దీనికింకా జ్వరం దిగినట్టు లేదు! ఒరేయ్ టాంకో, నీ పెళ్ళాం చేలో మేకలు కాస్తుందట్రా!"

"కాస్తాను. పిల్లలకి పాలన్నా దొరుకుతాయి."

టాంకో నవ్వబోయి, అన్న మొహం చూసి ఆగిపోయాడు.

"వచ్చే ఏడు ఈ పొలం చెక్క నీకుండదు," అన్నాడు ఇల్లో. "ఇంకో కోడలికిస్తాను."

ఈ చెక్క పోతే దేలూకు తనదంటూ చెప్పుకోవడానికి మరేం లేదు. పెళ్ళై వచ్చాక ఆయనకు ఎదురు చెప్పిందీ లేదు. అయినా వెళ్ళి పొదకు అడ్డంగా కూలబడింది.

"ఇచ్చుకోండి. ఆవిడకీ ఇలాగే ఎండుతుంది. నేనుండగా మాత్రం దీన్ని నరకనివ్వను."

"లాగెయ్ రా దాన్ని!"

టాంకో వంగాడు. పెళ్ళాం భుజం పట్టుకోబోయిన చెయ్యి జారి పొద మొదట్లో ఆకుల కిందికి దూరింది. వేళ్ళకు తడిమట్టి అంటుకుంది. ఇంకాస్త లోతుకు పెట్టి చూశాడు. అక్కడా తడే.

"ఏరా, చెవుడా?" ఇల్లో గొంతు లేచింది.

టాంకో లేవలేదు.