చల్లారని ఇంజిన్

"నేనొచ్చేదాకా తాళం తిప్పకు, చల్లటి ఇంజిన్ చప్పుడే వినాలి, వేడెక్కితే దాని జబ్బు దాక్కుంటుంది" అని బెకి మామయ్యకు ముందే చెప్పాను. అమ్మను డయాలసిస్‌కు తిప్పడానికి ఆయన పాత స్పోర్ట్స్ కారు అడిగాను. సొవెటోలో ఆయనింటికి వెళ్లి బానెట్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వెనక టైర్లు మాత్రం కొత్తవి.

"శవయాత్రల్లో కారును గింగిరాలు కొట్టించి పాత టైర్లు అరగదీశావు కదూ?"

"నా నేస్తం జోలా పోతే కొట్టించనా? మా పేటలో అది పోయినోడికి గౌరవమే! డిగ్రీ చదివి మెకానిక్‌వయ్యావా?"

"చచ్చినోళ్లకేనా గౌరవం? ఇందులో ఎక్కేది మీ అక్క!"

చల్లారేదాకా కదలనని మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి మామయ్య తాళం జేబులో వేసుకున్నాడు.

"వద్దులేవే. చల్లారితే ఇది మొరాయిస్తుంది. అక్కను దీన్లో ఎక్కించకు."

"ఆ ముక్క ఫోన్లోనే ఏడవొచ్చుగా!"