కీబోర్డులో సుందరరాజు మాట

ఎనభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో అరుణకుమారి టీచరు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఒక చిన్న జపాను కీబోర్డును ఒళ్లో పెట్టుకుని వచ్చింది. అది ఆమె భర్త సుందరరాజుది. చర్చిలో పాటలకు వాయించేవాడు. ఈస్టరుకు ముందు వారం గుండె ఆగి చనిపోయాడు. అంతకుముందు ఒకరోజు ఆకలేసి, దాని మైకులో "అన్నం పెట్టు టీచరమ్మా" అన్నాడు. అది ఆ మాటను పట్టి లోపల దాచుకుంది. ఆ తర్వాత ఏ మెట్టు నొక్కినా ఆయన గొంతుతో అదే మాట. కుడివైపుకు పోతే పసిపిల్లాడిలా, ఎడమవైపుకు పోతే ముసలాయనలా. ఆయన పోయాక ఆమె రోజూ ఒక్క మెట్టు నొక్కి వినేది. ఈ సోమవారం నుంచి ఏ శబ్దమూ రావడం లేదు.

"ఏందమ్మా దీనికి?" అన్నాడు రేడియో షాపు మద్దిలేటి.

"శబ్దం రావడం లేదు."

ఇంటి మాట పరాయి మనిషితో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మద్దిలేటి దాన్ని బోర్లించి సెల్లులు తీసి పక్కన పెట్టాడు. ఏ రిపేరుకైనా అతను మొదట చేసే పని అదే. మూత విప్పితే, లోపల నువ్వుగింజలంత పార్టు ముక్కలు బోర్డు పైనే అతికి ఉన్నాయి.

"జపానోళ్ల పని సూడండి. నా వేళ్లేమో బెండకాయలు."

"తుమ్మొద్దప్పో. ముక్క ఎగిరి కోయిలకుంట్లలో పడతాది," అన్నాడు బెంచీ మీద కూర్చున్న సుబ్బయ్య.

మద్దిలేటి మీటరుతో వెతికి చెడిన ముక్కను పట్టుకున్నాడు. రెండు చేతులా రెండు సాల్డరింగు కడ్డీలు పట్టి, దాని రెండు కొసలూ ఒకేసారి వేడిచేశాడు. సీసం కరిగి ముక్క లేచి వచ్చింది. పాడైన ఇంకో బోర్డు నుంచి అట్లాంటిదే తీసి, సన్నటి పట్టకారుతో ఆ చోట నిలిపి అతికించాడు. సెల్లులు వేసి ఒక మెట్టు నొక్కాడు. పియానో స్వరం మోగింది.

"కొత్తదాని మాదిరి పలుకుతాండాది."

"మాట రావాలి," అంది అరుణకుమారి.

"ఏం మాట?"

"లోపల మా ఇంటాయన మాట ఉంది."

"సెల్లులు తీస్తే అది నిలవదమ్మా. ఇంటికి పోయి మళ్లా చెప్పించుకోండి."

"ఆయన లేడు."

సుబ్బయ్య బీడీ ఆర్పేశాడు.

"ముందే చెప్పింటే బయటినుంచి తీగెలేసి కరెంటు పోకుండా..." అన్నాడు మద్దిలేటి.

ఆమె కీబోర్డును తనవైపు తిప్పుకుంది. ఎడమ చివరి మెట్టు నొక్కింది. పియానో. పక్కది నొక్కింది. పియానో. ఆమెను ఎవరూ ఆపలేదు. కుడి చివరి దాకా పోయి, ఆఖరి మెట్టు మీద వేలు అట్లాగే ఉంచింది.

"మళ్లా ఒకసారి విప్పి చూడప్పా," అంది.