మసి పూయని ఆకులు

చనిపోయి మూడేళ్లయినా మా మామగారికి కబురు పెట్టి రావడం అలవాటు కాలేదు. నేను పప్పు రుబ్బుతుండగానే వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంటారు, ఆ వంటింటికి గోడల్లేవు, చుట్టూ కాలవ నీళ్లు మెల్లగా కదులుతుంటాయి, అదేమీ నాకు వింతగా ఉండదు.

"అమ్మాయ్, నా కట్ట ఏదే?"

ఏ కట్టో నాకు తెలుసు. ఊళ్లో వైద్యం చేసిన మనిషి, చూపు పోయాక తనకు తెలిసిన మందులన్నీ తాటాకుల మీద గంటంతో గీశారు, కాగితమైతే వేలికి తెలియదని. "మసి పూస్తేగాని అక్షరాలు కనబడవే, ఓ మధ్యాహ్నం నా దగ్గర కూర్చో" అని ఎన్నిసార్లు అడిగారో. మధ్యాహ్నం నాకు సీరియల్ ఉండేది. ఇప్పుడా సీరియల్ అయిపోయింది, ఆయనా పోయారు, మధ్యాహ్నాలు మాత్రం మిగిలాయి.

"కంప్యూటర్లోకి ఎక్కించేశారండీ మావయ్యగారూ." కలలో కూడా అబద్ధం నాకు తడుముకోకుండా వస్తుంది.

"అయితే చూపించు."

పీట కాస్తా స్కానింగ్ వాళ్ల బల్ల అయిపోతుంది, పోయిన నెల వాళ్లు మా ఇంట్లోని పాత తాళపత్రాలన్నీ ఫొటోలు తీస్తుంటే ఈ కట్ట ఇలా చూసి "అవి ఖాళీవి, వదిలేయండి" అన్న నా గొంతే నీళ్ల మీంచి మళ్లీ వినిపిస్తుంది, ఆయన గిన్నె అడుగు మసి వేలికి అద్దుకుని ఆ బల్ల మీది కంప్యూటర్ తెర మీద రుద్దుతారు, రుద్దుతూనే ఉంటారు.

"ఇందులో గాట్లు లేవేంటే?"

"మీకు చూపు ఆనడం లేదండి."

"నాకు లేదు సరే. నీకుందిగా, నువ్వేం చూశావు?"

వాళ్లు వెళ్లాక ఆ కట్టని నీళ్లపొయ్యిలో వేశానని చెప్పబోతే నోటినిండా రుబ్బిన పప్పు. ఆయన తడుముకుంటూ, ఎవరి చెయ్యీ ఆసరా లేకుండా, కాలవలోకి దిగిపోతుంటారు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారుతోంది. వంటింటి కిటికీ గాలికి కొట్టుకుంటోంది. అది కొట్టుకోకుండా సందులో నేను దోపిన తాటాకు కింద పడి ఉంది. ఆ కట్టలో మిగిలింది అదొక్కటే. తీసి, కళ్లు మూసుకుని, వేలితో తడిమాను. గరుగ్గా తగిలింది. కాటుక పూసి తుడిచాను. వంకరటింకరగా ఒకే ఒక్క వరస లేచింది: "కోడలి తలనొప్పికి". మందు తరవాతి ఆకులో ఉండి ఉంటుంది.

మా ఆయన కాఫీకి వచ్చారు. "పొద్దున్నే ఆ ఖాళీ ఆకుతో ఏంటి పని?"

"ఖాళీది కాదండీ," అన్నాను. "తప్పు నాదే. మిగతావన్నీ పొయ్యిలో వేసింది నేనే."