మిషన్లు ఆగే చోటు

నేను పాపాయమ్మత్త టైలరింగు షాపులో నిలబడి ఉన్నాను, కానీ షాపు బొబ్బిలి బస్టాండులోకి వచ్చేసింది, ప్లాట్‌ఫారాల మీద బస్సులకు బదులు కుట్టుమిషన్లు వరసగా ఉన్నాయి, వాటి ముందు ఆడవాళ్లు టకటకమని జాకెట్లు కుడుతూనే ఉన్నారు. అత్త పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు, అయినా ఎదురుగా కూర్చుని బొత్తాలు కుడుతున్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తడం ఏం మర్యాదని ఊరుకుంటాను.

నా చేతిలో ఫోను కాలిపోతోంది. రేపు నా బ్లాగు మూసేయాలి, మూసేలోపు చదివేవాళ్లు ఎక్కడ జారిపోయారో కనుక్కోవాలి, అది చెప్పగలిగేది అత్త ఒక్కతే. బతికున్నప్పుడు నేను రాసిందల్లా ఆమె షాపులో కుట్టేవాళ్లకి పైకి చదివేది. మిషన్లు ఆగితే రాత బాగున్నట్టు, మళ్లీ మోగితే నేను సోది మొదలుపెట్టినట్టు. ఎక్కడ ఆగాయో ఎక్కడ మోగాయో సాయంత్రం ఫోను చేసి మొహమాటం లేకుండా చెప్పేది.

"అత్తా, ఇది చదువు, బస్సు వచ్చేస్తోంది," అంటాను. ఏ బస్సో నాకూ తెలీదు.

ఆమె కళ్లజోడు సర్దుకుంటుంది. "'ఈ చిట్కా తెలిస్తే మీరు నోరెళ్లబెడతారు'," అని చదువుతుంది. ఒక్క మిషనూ ఆగదు సరికదా, ఇంకా జోరందుకుంటాయి.

"ఏట్రా గౌరీసూ ఇది? ఎవులికి రాసినావు?"

"అందరికీ అత్తా. ఇప్పుడిలా రాస్తేనే జనం వస్తారట."

"అందరంటే ఎవులు? ఆలకి పేర్లు నేవా?"

నాకు ఒళ్లు మండుతుంది. షాపు కదులుతోంది, కిటికీలో రైల్వే గేటు వెనక్కి పోతోంది, అత్త మాత్రం తీరిగ్గా సూదిలో దారం ఎక్కిస్తోంది.

"నువ్వు సగం రాసిన బేండుమేళం కత ఏటయింది? అప్పలసామి సన్నాయి ఊదుకుంటా ఊరేగింపుని ఏరే పెళ్లోరింటికి తోలుకుపోనాడు గదా, ఆపైన?"

"రాయలేదు."

"ఏటి?"

"నువ్వు పోయేవు గదా!" అని అరిచేస్తాను, మర్యాద ఎటు పోయిందో తెలీదు, "చదివి చెప్పే మనిషే లేకపోతే ఎవరికి రాయను?" అంటుంటే ఏడుపు తన్నుకొస్తుంది.

అత్త దారం పళ్లతో తెంపి, మిషన్ల ముందున్న ఆడవాళ్ల వైపు గడ్డం చూపిస్తుంది. "నాను పోతే పోనాను. ఈలు ఉన్నారు గదరా. ఆ పెళ్లికొడుకుని గుర్రం మీదే వొగ్గేసి ఎలిపోనావు, ఈలేమో ఆపైన ఏటయిందని నన్ను పీక్కు తింతన్నారు."

నేను గబగబా చెప్పడం మొదలుపెడతాను. "తప్పు ఇల్లని తెలిసేసరికే హారతి పళ్లెం ఎదురొచ్చేసింది." ఒక మిషను ఆగుతుంది. "అప్పలస్వామి సన్నాయి నోట్లోంచి తియ్యడే, తీస్తే తన్నులు తప్పవని." ఇంకోటి ఆగుతుంది. "అప్పుడు ఆ ఇంటి పెళ్లికూతురు తలుపు సందులోంచి చూసి, వాళ్లమ్మతో..." అన్నీ ఆగిపోతాయి, అత్త సూది గాల్లోనే ఉండిపోతుంది, బస్టాండంతా నా వంకే చూస్తోంది.

"ఏటందిరా?" అంటుంది అత్త.

మెలకువ వచ్చేసింది. తెల్లారిపోయింది, ఒళ్లంతా చెమట. ఆ పిల్ల ఏమందో చెప్పడానికి నా నోరింకా తెరిచే ఉంది. కరెంటు పోయినట్టుంది, రాత్రంతా టకటకమని కొట్టుకున్న ఫ్యాను ఆగిపోయి, గదిలో చిన్న చప్పుడు కూడా లేదు.